పాట మీద పాట

మార్చి 3, 2004

పన్నెండేళ్ళ కిందట, మా అమ్మాయి గోమతి పెళ్ళినాడు పొద్దున, వీడియో తీయబోతున్న బావమరిది దామోదరసామి నా చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాడు. "బావా, మిగతా క్యాసెట్టంతా నా ఇష్టం. అక్క పాడే అప్పగింతల పాటను మాత్రం ముట్టుకోను. ఆడ అక్క గొంతే ఉంటాది." చెయ్యి పట్టుకోమని నేను అడగలేదు. తనే పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో కోవిల్‌పట్టిలో పెళ్ళి వీడియో అంటే మనుషుల సద్దు మొత్తం తీసేసి సినిమా పాటలు పోయడమే. తాళి కట్టేటప్పుడు ఒక పాట, పంక్తి భోజనాలకు ఇంకో పాట. అది తెలిసే ముందుగా అడిగాను. పిల్లను పంపేటప్పుడు గడప దగ్గర తల్లి పాడడం తమిళనాట స్థిరపడ్డ మా తెలుగిళ్ళ ఆచారం. నా భార్య వల్లియమ్మాళ్‌కు ఆ పాట వాళ్ళమ్మ నేర్పింది, ఆమెకు వాళ్ళమ్మ. ఏ కాగితం మీదా లేదు. భాష ఎట్లా ఉన్నా వల్లియమ్మాళ్ గొంతు మంచిది. కెమెరా ముందు ఆమె పాడింది జీవితంలో ఆ ఒక్కసారే.

క్యాసెట్టు వచ్చింది. గడప దగ్గర వల్లియమ్మాళ్ పెదవులు కదులుతున్నాయి, గోమతి ఏడుస్తోంది. వినిపిస్తున్నది మాత్రం ఎవరో సినిమా గాయని, వెనక వయొలిన్ల గుంపు. పాట అయిపోయాక కెమెరా ఆపడం కూడా చేతకాలేదు. కాసేపు నేలా, ఎవరి పాదాలో కనిపిస్తాయి, వయొలిన్లు మోగుతూనే ఉంటాయి.

అడిగితే తల వంచుకుని "తప్పైపోయింది బావా" అన్నాడు. ఎందుకు చేశావురా అంటే మళ్ళీ అదే మాట. నేను చదివిన పుస్తకాల్లో ద్రోహం చేసినవాడు ఎప్పటికో ఒకప్పుడు వచ్చి కారణం చెబుతాడు. బతుకులో చెప్పరు. వల్లియమ్మాళ్ కూడా "పోనీండి, చిన్నోడు" అని తమ్ముణ్ణే వెనకేసుకొచ్చింది. 1999లో ఆమె పోయినప్పుడు పాడెకు ఆ పక్క అతను, ఈ పక్క నేను. మాట్లాడుకోలేదు.

ఇవాళ అతని కొడుకు రామ్‌కుమార్ విరుదునగర్ నుంచి ఫోన్ చేశాడు. తండ్రి స్టూడియో ఇప్పుడు అతనే చూసుకుంటున్నాడు.

"మామా, నైనాకు అరవై నిండతా ఉండాది. వైకాసి నెలలో మండపం పట్టినాం. పాత వీడియోలు చేర్చి పెద్ద తెరలో వేస్తాం. గోమతి వదిన పెళ్ళి క్యాసెట్టు మీ దగ్గరే దాన్ ఉండాది. ఇస్తారా?"

ఇవ్వనని చెప్పబోయి ఆగాను. "నేనే సీడీ చేసి తెస్తాను" అన్నాను.

"మీరా? కంప్యూటర్లోనా?" అని నవ్వాడు.

నవ్వనీ. బంధువులందరూ కూర్చున్న మండపంలో పెద్ద తెర మీద దామోదరసామికి వాడి అక్క పెదవులు చూపిస్తాను. సినిమా పాట వినిపిస్తాను, ఉన్నట్టుండి ఆపేస్తాను. పెదవులు మాత్రం కదులుతూ ఉంటాయి. కింద ఒక్క ప్రశ్న, పెద్ద అక్షరాలతో: ఈ గొంతు ఎవరు మింగారు?

మార్చి 8

ఎట్టయపురం రోడ్డులో కంప్యూటర్ సెంటర్. నడిపేది కార్తీశ్వరి. ముప్పై దాటిన మనిషి, తండ్రి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇంట్లో తెలుగే. కుర్రాళ్ళతో అరవంలో కేకలేస్తూ ఉంటుంది, నన్ను చూసి తెలుగులోకి దిగింది.

"వొచ్చినారా తాతా, కూకోండి."

వచ్చారా, కూర్చోండి అనాలని చెప్పాను.

"అయ్యో తాతా, మీరు మాట్లాడితే రేడియో వార్తలు మాదిరి ఉండాది. నాకు బయంగా ఉండాది, ఆడుంచి జరగండి కొంచం" అని పక్కన ఉన్నవాళ్ళందరినీ నవ్వించింది.

ఈ తెలుగు నాకు ఊరికే రాలేదు. విరుదునగర్ వ్యాపారి తరఫున పత్తి కొనడానికి గుంటూరులో ఉన్న ఏళ్ళలో, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని అక్షరం అక్షరం నేర్చుకున్నాను. మనవాళ్ళకు భాష ఉంది, శ్రద్ధ లేదు. వల్లియమ్మాళ్‌కు కూడా ఓపికగా చెప్పేవాణ్ణి. నేర్చుకోలేదు. అది వేరే సంగతి.

మార్చి 11

క్యాసెట్టును నిన్న సెంటరులోని పాత ప్లేయర్‌లో వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇవాళ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పాట వస్తోంది, బొమ్మ లేదు. నల్లటి తెర. ఎవరు తుడిచారని గట్టిగానే అడిగాను.

"ఎవురూ తుడవలా తాతా. మీ క్యాసెట్టును తుడిచి మేమేం చేసుకుంటాం? కోడెక్ లేదు, అంతే."

ఆమె చెప్పింది నాకు నా తీరులో అర్థమయింది. జిన్నింగ్ మిల్లులో పత్తిని ప్రెస్సులో నొక్కి బేలు కడతారు. కట్టకపోతే బండెడు పత్తి గదంతా పరుచుకుంటుంది. బొమ్మనూ మాటనూ కూడా అట్లాగే నొక్కి కడతారట. ఏ తీరున కట్టారో తెలిసిన యంత్రమే విప్పగలదు. ఆ తీరు పేరే కోడెక్. పాట కట్టిన తీరు ఈ కంప్యూటర్‌కు తెలుసు, బొమ్మ కట్టిన తీరు తెలియదు. ఆమె ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించగానే వల్లియమ్మాళ్ గడప దగ్గర నిలబడి ఉంది.

బేలు సంగతి చెబితే కార్తీశ్వరి, "దీన్ని నేను క్లాసులో చెప్పుకుంటా" అంది. నా పేరు చెప్పి చెప్పుకోమన్నాను. చెప్పదు. నాకు తెలుసు.

మార్చి 15

కరెంటు పోయింది. సేవ్ చేయలేదు.

మార్చి 19

ఎఫెక్టులు. పెదవుల మీద స్లో మోషన్ పెట్టాను. కదిలినప్పుడల్లా ముఖం మీద దువ్వెన పళ్ళలాంటి గీతలు. మళ్ళీ టేపు పాడయిందనుకున్నాను. టీవీ బొమ్మ ఒక గీత విడిచి ఒక గీత గీసుకుంటూ రెండు విడతల్లో వస్తుందట. కంప్యూటర్ ఆ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది. అందుకే ఆ పళ్ళు. డీ-ఇంటర్‌లేస్ అన్న చోట టిక్కు పెట్టాలి, స్లో మోషన్ ఆ తర్వాతే. ముందు అది, తర్వాత ఇది. వరస తప్పితే పళ్ళు పోవు. ఇంత చిన్న మాట చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు ఈ ఊళ్ళో.

తెలుగులో ప్రశ్న రాయబోతే అన్నీ డబ్బాలు వచ్చాయి. ఫాంట్ లేదు. నా సొంత ఆరోపణ అరవంలో రాసుకోవలసి వచ్చింది. పరవాలేదు, మండపంలో చదవగలిగినవాళ్ళు చదివేది అదే.

మార్చి 27

విరుదునగర్ వెళ్ళాను, దామోదరసామి ఇంటికి కాదు, గోమతి ఇంటికి. చేసినంత వరకు సీడీలో ఎక్కించుకుని బస్సెక్కాను. గోమతి ప్లేయర్‌లో పెట్టింది. తిరిగింది, తిరిగింది, డిస్కు లేదంది. అల్లుడు వాళ్ళ ఆఫీసు కంప్యూటర్‌లో చూసి వచ్చి, మర్యాదగానే, "మామయ్యా, ఇందులో సినిమా లేదు, ప్రాజెక్ట్ ఫైల్ మాత్రమే ఉండాది" అన్నాడు. అంటే ఏ ముక్క ఎక్కడ అతకాలో రాసుకున్న చీటీ పట్టుకుని వెళ్ళాను, బట్ట సెంటరులోనే ఉంది. ఎక్స్‌పోర్ట్ చేస్తేనే సినిమా. కార్తీశ్వరి చెప్పలేదు. చెప్పానంటుంది.

గోమతి నవ్వలేదు. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి నేల మీద కూర్చుంది.

"నైనా, మామ మీద కోపానికా ఇదంతా?"

"న్యాయానికి" అన్నాను.

"న్యాయం ఏమో నాకు తెలవదు. అమ్మ గొంతు వొస్తాదా అందులో?"

"సినిమా పాట పోశాడు కదమ్మా వాడు."

"కంప్యూటర్లో పైపాట తీసేస్తే అడుగున ఉండేది వొస్తాదేమో అనుకొంటిని." గ్లాసు నావైపు జరిపింది. "నాకు అమ్మ గొంతు నెనపు రావడం లేదు నైనా. ముఖం ఉండాది, చెయ్యి ఉండాది, గొంతు లేదు. ఆ పాట మొదటి అడుగులు తెలుసు. అప్పురం ఏమో ఉండాది, నోటికి రాదు. రేపు నా బిడ్డను పంపేటప్పుడు నేను ఏం పాడేది?"

పైన పోసింది కిందది మింగేస్తుందమ్మా, తిరిగి రాదు, అన్నాను. నాకు తెలిసినంతలో నిజమే చెప్పాను.

"వొస్తే మొదట నాకు ఫోన్ చెయ్యండి" అంది.

ఏప్రిల్ 2

ఎక్స్‌పోర్ట్ చేసి ఇంట్లో టీవీలో పెట్టాను. బొమ్మ నలుపూ తెలుపూ అయిపోయి పైకీ కిందకీ దొర్లుతోంది. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టింది అమెరికాలో, ఏమీ చెప్పకపోతే అక్కడి టీవీకే కొలత తీస్తుంది. మనది పాల్, వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ.

"మార్చమని చెప్తిని గదా తాతా," అంది కార్తీశ్వరి.

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు నా తెలుగు దిద్దతా ఉన్నప్పుడు."

ఏప్రిల్ 6

పాల్ పెట్టాను. రంగు వచ్చింది. ముఖమంతా చతురస్రాలు. సీడీలో పట్టాలని బిట్ రేట్ బాగా తగ్గించాను. ప్రెస్సులో మరీ నొక్కితే పత్తి పీచు తెగిపోతుంది, ఆ బేలు విప్పినా నూలుకు పనికిరాదు. గుంటూరులో మా యజమానికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పాను, విన్నాడా. పైగా మొదట ఎక్కించుకున్నదే చిన్న సైజు. పెదవులు పెద్దగా కనబడాలంటే పూర్తి సైజులో మళ్ళీ ఎక్కించాలి, డీవీడీ చేయాలి.

ఎక్కిద్దామంటే ప్లేయర్ బెల్టు తెగింది.

ఏప్రిల్ 12

చెల్లసామి ప్లేయర్ అడిగి తెచ్చాను. ఇదివరకు కేబుల్ టీవీ నడిపినవాడు, సింగపూర్ నుంచి తెప్పించుకున్న మిషను, ముందు వైపంతా మీటలే. బొమ్మ అద్దంలా వచ్చింది. వల్లియమ్మాళ్ ముక్కుపుడక రాయి మెరవడం కనిపించింది.

ఏప్రిల్ 14

అరవ సంవత్సరాది. సెంటర్ మూశారు.

ఏప్రిల్ 16

కొత్త తంటా. అప్పగింతల చోట సినిమా పాట కింద ఏదో గొణుగుడు. బావిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు. పాత కాపీలో ఇది లేదు. నా ఎడమ చెవి సరిగా పనిచేయదు, కుడి చెవికి హెడ్‌ఫోన్ అదుముకుని విన్నాను. సందేహం లేదు. వాడిన టేపు మీద మళ్ళీ తీశాడు దామోదరసామి. మరెవరిదో పెళ్ళి, మరెవరో మనుషులు, వాళ్ళ సద్దు కింద మిగిలిపోయింది. మేనకోడలి పెళ్ళికి కొత్త టేపు కూడా వేయలేదు.

కార్తీశ్వరి సెలవులో ఉంది, కొడుకు పరీక్షలట. నాకు నేనే చూసుకుంటాను.

ఏప్రిల్ 20

నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ ఒకటి ఉంది. గొణుగుడు వినబడే చోట ఒక ముక్కను గుర్తు పెట్టి, ఇదే మురికి అని కంప్యూటర్‌కు చూపించాలి. మిగతా అంతటా అటువంటిదాన్ని వెతికి తీసేస్తుంది. చూపించాను. కొంచెం తగ్గింది.

ఏప్రిల్ 21

మళ్ళీ చూపించాను.

ఏప్రిల్ 23

ఇంకా గట్టిగా. సినిమా పాట కూడా డబ్బాలో పాడినట్టు అయింది. వెనక్కి తీసుకున్నాను.

ఏప్రిల్ 26

ఇవాళ బాగా తగ్గింది. గాయని గొంతు శుభ్రంగా ఉంది. హఠాత్తుగా ఆపితే మండపం ఉలిక్కిపడుతుంది.

ఏప్రిల్ 28

వల్లియమ్మాళ్ పాడింది.

ఏప్రిల్ 29

వరసగా రాయాలి.

నిన్న కార్తీశ్వరి వచ్చింది. నా కష్టమంతా చూపించాను. ముందు, తర్వాత, రెండూ వినిపించాను. ఆమె ముందుదాన్నే మళ్ళీ మళ్ళీ విన్నది. లేచి వెళ్ళి ప్లేయర్ మీటలు చూసింది.

"ఇది మిక్స్‌లో ఉండాది తాతా."

"అంటే?"

"పాత ప్లేయర్లు టేపు అంచు మీద గీసిన సద్దును మాత్రం చదువుతాయి. ఈ మాదిరి పెద్ద మిషన్లకు ఇంకొకటి ఉండాది, హై-ఫై అని. కెమెరా అట్లాంటిదైతే, సద్దును అంచులోనూ పెడతాది, బొమ్మకు అడుగునా పెడతాది. ఆడియో డబ్ మీట నొక్కి మీద సినిమా పాట పోస్తే అంచులో ఉండేదే దాన్ పోతాది. అడుగున ఉండేది అట్లే ఉంటాది. మిక్స్ అంటే రెండూ కలిపి వినిపిస్తాది."

మీట తిప్పింది. వయొలిన్లు ఆగిపోయాయి. ఎక్కడో గిన్నె కింద పడింది. ఎవరో పిల్లవాడు నీళ్ళు అడిగాడు. తర్వాత వల్లియమ్మాళ్.

కరిసకాట్లో పత్తిసెట్టు పూసినాదమ్మా
పూసిన పువ్వును ఎవురికో ఇస్తిమమ్మా
వానొస్తే పిలువు ఎండొస్తే పిలువు
కడుపు నిండినా పిలువు కాలినా పిలువు

ఇంకా ఉంది. గోమతికి గుర్తురానిదంతా ఉంది. పన్నెండేళ్ళు నా బీరువాలో, చీరల కింద, సినిమా పాట కింద. 'కరిసకాట్లో' కాదు, 'నల్లరేగడి చేలో' అనాలి, 'ఇస్తిమమ్మా' కాదు, 'ఇచ్చితిమమ్మా' అనాలి. అది వేరే సంగతి.

నేను ఏడ్చానని కార్తీశ్వరి అనుకుని ఉంటుంది. గోమతి నంబర్ చెప్పండి, ఇప్పుడే వినిపిద్దాం అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. నేను నంబర్ చెబుతూనే ఉన్నాను. పాట అయింది, కెమెరా కిందికి దిగింది, నేలా పాదాలూ వచ్చాయి. సద్దు ఆగలేదు.

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

వల్లియమ్మాళ్: "దామూ, ఇట్ల రా. వినరా. ఈ పాటలో నా గొంతు సత్తం ఉంచొద్దు. మీద సినిమా పాట ఏదైనా పోసెయ్."

దామోదరసామి: "ఎందుకక్కా? బావకు మాటిస్తిని పొద్దున."

"మీ బావ సంగతి నాకు తెలవదా? ఆ డబ్బా ఇంట్లో ఉంటే వొచ్చినోళ్ళకంతా పెట్టి చూపిస్తాడు. ఈ మాట తప్పు, ఆ మాట అరవం, ఇట్ల పాడకూడదు అంటాడు. పెండ్లయిన నాటినుంచి నోరు తెరస్తే దిద్దతానే ఉండాడు. బిడ్డతో మాట్లాడతా ఉన్నా అడ్డమొచ్చి దిద్దతాడు. ఇది మా అమ్మ నేర్పిన పాటరా. దీన్ని కూడా దిద్దించుకోవాల్నా నేను?"

"బావ నన్ను తిడతాడు గదక్కా."

"తిట్టనీ. చెవిలో ఏసుకోకు. నేను చెప్తినని మాత్రం నోరు తెరవొద్దు. నా మీద ఒట్టు."

తర్వాత దామోదరసామి: "తుడిచెయ్యాల్నా అక్కా? పూర్తిగానా?"

"బావ చెవిలో పడకుంటే సాలు."

"సరే."

అక్కడ కెమెరా ఆగింది.

కార్తీశ్వరి ఫోన్ కింద పెట్టేసింది. బయట కుర్రాళ్ళు ఏదో గోల చేస్తుంటే వెళ్ళి తలుపు మూసి, బయటే ఉండిపోయింది.

నేను దిద్దింది ప్రేమతో. పరాయివాళ్ళను ఎవరు దిద్దుతారు? తన మనిషి నలుగురిలో నవ్వులపాలు కాకూడదని దిద్దుతారు. అది ఆమెకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మే 3

కార్తీశ్వరి అడిగింది. "దేన్ని ఎక్స్‌పోర్ట్ చేసేది తాతా?"

"అంచు ట్రాక్."

"అది ఎప్పుడూ ఉండేదే గదా. దానికా ఇన్నాళ్ళు?"

"అడిగినది చెయ్యమ్మా."

"పాట వరకు కత్తిరించి గోమతి అక్కకు వేరేగా ఒక సీడీ చేస్తా. అప్పురం ఉండే మాటలు తీసేస్తా. ఎవురికీ తెలవదు."

అది కుదిరే పనే. కానీ పాట వింటే ఎక్కడ దొరికిందని అడుగుతుంది గోమతి. హై-ఫై అంటాను. క్యాసెట్టు అడుగుతుంది. వాళ్ళ మామ కొడుకు స్టూడియోలో అటువంటి మిషను ఉండే ఉంటుంది. వద్దన్నాను. బయటికి రాకూడదని వల్లియమ్మాళ్ అన్న సంగతిని బయటపెట్టడం ఆమెకు మర్యాద కాదు. ఆమె కోరికను నేనైనా నిలబెట్టాలి.

హార్డ్ డిస్కులో చోటు కూడా లేదు. పెద్ద ఫైళ్ళు తీసేస్తే తప్ప, ముక్కలన్నీ అతికి సినిమా కట్టే రెండరింగ్ సాగదు. హై-ఫై ఫైలును తీసేయమన్నాను.

"డిలీట్ నేను కొట్టను తాతా. కావాలంటే మీరే కొట్టుకోండి," అని కుర్చీ జరుపుకుంది.

కొట్టాను.

మే 5

అడుగున రాసిన ప్రశ్న కూడా తీసేశాను. అరవంలో బాగాలేదు.

మే 9

గోమతి ఫోన్ చేసింది.

"నైనా, ఏమైనా వొచ్చినాదా?"

"బొమ్మ బాగా వచ్చిందమ్మా. ముక్కుపుడక కూడా కనబడుతుంది."

"గొంతు?"

"రాలేదు. కోడెక్ కుదరలేదు."

కోడెక్ అంటే ఏమిటని అడగలేదు. అడిగితే బేలు సంగతి చెప్పేవాణ్ణి. "సరే నైనా, మీరు ఎండలో తిరగొద్దు," అని పెట్టేసింది.

మే 22

కార్తీశ్వరి డీవీడీ ఇచ్చింది. పాల్, సరైన బిట్ రేట్, గీతలు లేవు, చతురస్రాలు లేవు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. తాతా అని పిలవలేదు. "ఇదో, తీసుకోండి సార్" అంది.

మే 31

నిన్న విరుదునగర్. మండపం నిండా జనం. దామోదరసామి భార్య పక్కన పట్టుపంచెలో మళ్ళీ పెళ్ళికొడుకై కూర్చున్నాడు. బాగా నెరిసిపోయాడు. రామ్‌కుమార్ తెర మీద వీడియోలు వేశాడు. నాది వచ్చినప్పుడు ఆడవాళ్ళు మాటలు ఆపారు. "వల్లక్క ఎంత లచ్చనంగా ఉండాదో చూడు" అంది ఎవరో ముసలమ్మ. గడప, పెదవులు, వయొలిన్లు. నేను ఎక్కడా ఆపలేదు. సినిమా పాట చివరి దాకా సాగింది. నేలా పాదాలూ వచ్చిన చోట నేను కత్తిరించేశాను కాబట్టి అవి రాలేదు.

అందరూ తెర చూస్తుంటే దామోదరసామి నన్ను చూస్తున్నాడు.

భోజనాల దగ్గర నా ఆకు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పన్నెండేళ్ళ తర్వాత మొదటి మాట.

"బొమ్మ శానా బాగుండాది బావా. ఏ మిషన్లో ఎక్కించినారు?"

"చెల్లసామిది."

"సింగపూర్ మిషనా?"

"అవును."

అతని కళ్ళు నా ముఖం మీద నుంచి కదల్లేదు. నెమ్మదిగా, పక్కవాళ్ళకు వినబడకుండా, "వింటిరా?" అన్నాడు.

"ఏమి వినాలి?"

చేతిలో ఉన్న పాయసం గిన్నె నా ఆకు మీదికి వంచాడు.

"ఏం లేదు బావా. తినండి. సల్లారిపోతాది."

కొంచెం అవతల పంక్తిలో గోమతి తన కూతురికి తినిపిస్తోంది. నావైపు చూసి నవ్వింది. దామోదరసామి ఆమెను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. ఇప్పుడు కూడా ఒట్టే.

జూన్ 2

క్యాసెట్టు మళ్ళీ బీరువాలో పెట్టాను. చెల్లసామికి అతని ప్లేయర్ ఇచ్చేశాను. ఇంట్లో ఉన్నది మామూలు ప్లేయర్. ఇవాళ మధ్యాహ్నం అందులో వేసి చూశాను. సినిమా పాటే వచ్చింది.

జూన్ 3

గోమతి పెళ్ళి తర్వాత వల్లియమ్మాళ్ ఏడేళ్ళు బతికింది. ఏడేళ్ళు ఈ ఇంట్లో, ఆ వంటింట్లో, నాకు వినబడేంత దూరంలో. ఎవరైనా ఒక్కసారి నాతో చెప్పి ఉంటే, వెళ్ళి ఆ గడప మీద కూర్చుని పాడమని అడిగేవాణ్ణి. పూర్తిగా వినేవాణ్ణి. ఒక్క మాట దిద్దేవాణ్ణి కాదు. గోమతి నేర్చుకుని ఉండేది. గోమతి పిల్ల నేర్చుకుని ఉండేది.

తెలిసిన మనిషి ఒక్కడే. ఒట్టుకు కట్టుబడ్డాడు. ఒట్టు చెప్పుకుని, నా తిట్లన్నీ తలవంచుకుని పడి, ఊళ్ళో నన్ను కోపిష్టివాణ్ణి చేసి, తను మంచివాడయ్యాడు. అక్క మాట నిలబెట్టాడు, గొంతు తుడవకుండా నా మాటా నిలబెట్టానని లోపల అనుకుంటూ ఉంటాడు. అందరి మాటా నిలబెట్టిన మనిషి. నాకు మాత్రం ఏమీ మిగల్చని మనిషి.

గోమతి మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

అక్క చచ్చిపోయిన రోజైనా చెప్పవచ్చు. పాడెకు అవతల పక్కనే నిలబడ్డాడు. చెప్పలేదు దామోదరసామి.